పెంచలయ్య ఎడమ చెవి, రమణయ్య నెత్తురు

నేను అనుమానం మనిషిని. మా ఆవిడ ఈ మాటను తిట్టుగా అంటుంది, నేను మెచ్చుకోలుగా తీసుకుంటాను. వైద్యం మానేసి పడక్కుర్చీలో కూర్చున్నాక కూడా పాలవాడు పోసిన పాలను గోటి మీద బొట్టు వేసి చూసుకుంటాను. మందులషాపువాడు ఇచ్చిన సీసా మీద మూత అంతకు ముందు తిప్పారా లేదా అని చూస్తాను. ఇంట్లో దీనివల్ల నాకు పేరేమీ రాలేదు గానీ, వృత్తిలో మాత్రం చాలాసార్లు గట్టెక్కించింది. ఒకట్రెండు చోట్ల అదే నాకు అడ్డం వచ్చింది. ఆ సంగతి కూడా చెబుతాను.

ఈమధ్య చెవి, ముక్కు, గొంతు వైద్యం చదువుకున్న ఒక యువ డాక్టరు నన్ను చూడటానికి వచ్చాడు. ఉన్నట్టుండి చెవి వినపడకుండా పోయినవాళ్ళకు ఇప్పుడు రక్తం తీసి రకరకాల పరీక్షలు చేస్తున్నారట. ఒంట్లో ఎక్కడైనా వాపు రగులుతోందా, దాని గుర్తులు రక్తంలో కనపడుతున్నాయా అని చూస్తారట. "మీ రోజుల్లో ఏం చూసేవారండీ?" అని అడిగాడు. "ఒక గాజు గొట్టం చూసేవాళ్ళం నాయనా" అన్నాను. అతను మర్యాదగా నవ్వాడు. నాకు నవ్వు రాలేదు, ఎందుకంటే ఆ గొట్టం ముందు ఒక ఊరు ఊరంతా ఊపిరి బిగబట్టుకుని కూర్చోవడం నేను చూశాను. అతనికి ఆరోజు తీరిక లేక చెప్పలేకపోయింది ఇప్పుడు రాస్తున్నాను.

గొట్టం సంగతి

ముందు ఆ పరీక్ష ఏమిటో చెప్పాలి. ఇప్పటికీ చేస్తున్నారు, ఇ.ఎస్.ఆర్. అంటారు. రోగి నరంలోంచి కాస్త రక్తం తీసి, గడ్డకట్టకుండా సిట్రేటు నీళ్ళు కలిపి, సన్నటి పొడవాటి గాజు గొట్టంలోకి పీల్చి, నిట్టనిలువుగా స్టాండులో నిలబెడతాం. ఎర్రకణాలు మెల్లగా కిందికి దిగుతాయి. పైన ఎండుగడ్డి రంగు నీరు తేలుతుంది. గంట తర్వాత ఎర్రదనం ఎంత కిందికి దిగిందో గొట్టం మీది గీతలు చూసి చెబుతాం. ఒంట్లో వాపు ఉంటే తొందరగా దిగుతుంది.

అంతే. ఏ రోగమో చెప్పదు, ఎక్కడుందో చెప్పదు. ఊళ్ళో ఎక్కడో పొగ లేస్తోందని చెబుతుంది గానీ ఎవరింట్లోనో చెప్పదు. పైగా గర్భిణి రక్తం తొందరగా దిగుతుంది, రక్తహీనత ఉన్నవాళ్ళది కూడా తొందరగా దిగుతుంది. మా ఉదయగిరి మెట్ట ఊళ్ళలో నులిపురుగులు, చలిజ్వరాలు పట్టని మనిషిని ఆ రోజుల్లో వెతికి పట్టుకోవాల్సి వచ్చేది. తెల్లవాళ్ళ పుస్తకాల్లో మామూలు అంకె అని రాసినది మా జనంలో ఎంతమందికి సరిపోతుందో నాకు మొదటినుంచీ అనుమానమే.

ఉదయగిరి పెద్దాయన

మద్రాసులో ఎల్.ఎం.పి. డాక్టరు చదువు చదివి, స్వాతంత్ర్యం వచ్చిన కొత్తలో ఉదయగిరిలో ఒక డాక్టరు గారి దగ్గర చేరాను. కొండ కింద వీధిలో ఆయనకు సొంత ఆసుపత్రి ఉండేది. పేరు ఎందుకు, పెద్దాయన అందాం. చెయ్యి మంచిది. ఆయన పొట్ట తడిమి చెప్పింది తప్పిపోవడం నేను పెద్దగా చూడలేదు. నన్ను కొడుకులా చూసుకున్నాడని మాత్రం చెప్పను, ఆయన సొంత కొడుకునే సరిగా చూసుకోలేదు.

ఆయనకు ఒకే ఒక్క పిచ్చి, ఆ గొట్టం. ఉదయగిరికి కోర్టు పనుల మీద వచ్చేవాళ్ళు ఎక్కువ. వాయిదాకు రాలేకపోయామని ఒకరు, దెబ్బలు తిని లేవలేకపోయామని ఒకరు సర్టిఫికెట్ల కోసం ఆసుపత్రి మెట్లెక్కేవాళ్ళు. పెద్దాయన వాళ్ళతో వాదన పెట్టుకునేవాడు కాదు. రక్తం తీయించి గొట్టంలో పెట్టించేవాడు. దిగితే నిజంగా జబ్బు, సర్టిఫికెట్టు రాసిచ్చేవాడు. దిగకపోతే "లేచి పోవయ్యా" అనేవాడు. విరిగిన ఎముకకు, కొత్తగా తగిలిన దెబ్బకు రక్తం వెంటనే దిగాలని ఏమీ లేదని ఆయనకు తెలియక కాదు. జనంతో మాట మాట అనుకోవడం ఆయనకు గిట్టదు. ఆ చీదర పని గొట్టానికి అప్పజెప్పాడు.

దాంతో చుట్టుపక్కల ఊళ్ళలో ఒక ప్రచారం పుట్టింది. ఉదయగిరి డాక్టరు గొట్టంలో నెత్తురు పోసి అబద్ధాలు పట్టేస్తాడని. పెద్దాయన ఆ మాట విని లోలోపల మురిసిపోయేవాడు.

ఒక ఎండాకాలం చూస్తే వచ్చినవాళ్ళందరి రక్తమూ దిగిపోతోంది. కోర్టు పక్షులందరికీ ఒకేసారి జబ్బులు రావడం నాకు నచ్చలేదు. ముందు మనుషుల్ని అనుమానించాను, తర్వాత సిట్రేటు నీళ్ళను అనుమానించాను. ఏమీ దొరకలేదు. ఒకరోజు నా రక్తమే తీయించుకుని పెట్టించాను. అదీ దిగింది. ఆదివారం పూట కొండ మీది దుర్గం ఎక్కి దిగి వచ్చి రెండు పూటల తిండి ఒకేసారి తినేవాణ్ణి, నాకేం జబ్బు? అప్పుడు స్టాండు వంక చూశాను. అంతకుముందు అది చెక్కబల్ల మీద ఉండేది. ఆ బల్లకు చెదలు పట్టిందని సామాన్లు కడిగే చోట రాతిబండ మీదికి మార్చారు. బండ మీద ఒక నిమ్మకాయ పెట్టాను. అది తాపీగా దొర్లుకుంటూ పోయి తూము దగ్గర ఆగింది.

కడిగిన నీళ్ళు పోవాలని ఆ బండను వాలుగా వేశారు. గొట్టం కాస్త వాలినా ఎర్రకణాలు గాజు వెంట జారి తొందరగా కిందికి పోతాయి. నేను వెళ్ళి పెద్దాయనకు చెప్పాను. ఆయన నిమ్మకాయను తన చేత్తోనే పెట్టి చూశాడు.

"బండ వాలిందంటే ఒప్పుకుంటానయ్యా" అన్నాడు. "నా పద్ధతి వాలిందంటే మాత్రం ఒప్పుకోను."

స్టాండు కొత్త బల్ల మీదికి ఎక్కింది. ఆ ఎండాకాలం రాసిచ్చిన సర్టిఫికెట్ల గురించి మళ్ళీ ఎవరూ ఎత్తలేదు. ఆయన మంచి డాక్టరే. తాను చెప్పాల్సిన మాటను ఒక వస్తువు చేత చెప్పించాలని చూడటమే ఆయనలో నాకు నచ్చనిది. నేను మాత్రం అప్పటినుంచి ఒక అలవాటు చేసుకున్నాను. రోగి రక్తం పెట్టినప్పుడల్లా పక్కనే ఆరోగ్యంగా ఉన్న మనిషి రక్తం కూడా ఒక గొట్టంలో నిలబెడతాను. మామూలుగా అది నాదే అయ్యేది.

బండి దిగిన పంచాయితీ

కొన్నాళ్ళకు ఆత్మకూరు వచ్చి ఒక పెంకుటింట్లో సొంతంగా డిస్పెన్సరీ పెట్టుకున్నాను. ఒక మైక్రోస్కోపు, రెండు గొట్టాలు, ఒక స్టాండు. బల్ల నాలుగు కాళ్ళూ సమంగా ఉన్నాయో లేదో నెలకోసారి చూసుకునేవాణ్ణి.

కోతలు ముగిసే రోజుల్లో ఒక పొద్దున చేజర్ల వైపు నుంచి రెండెడ్ల బండి ఒకటి వచ్చి ఆగింది. దాని వెనక నడిచి వచ్చినవాళ్ళు పదిమంది దాకా ఉన్నారు. ముందు దిగినాయన ఆ ఊరి గ్రామ మునసబు. తర్వాత నడివయసు మనిషి ఒకతను బండి చక్రం పట్టుకుని మెల్లగా దిగాడు. అతను పెంచలయ్య, ఆ ఊరి నీరుగట్టు. చెరువు తూము తీయడం, మూయడం, ఏ మడికి ఎప్పుడు నీళ్ళు పోవాలో చూడటం నీరుగట్టు పని. తాతల నాటినుంచి ఆ పని వాళ్ళింటిదే, దానికి ఇచ్చిన మాన్యం మీదే వాళ్ళ బతుకు. మూడో మనిషి రమణయ్య. పెంచలయ్యకు చిన్నాన్న కొడుకు.

"డాక్టరయ్యా, మీరు ఉదయగిరాయన దగ్గర పనిచేసినారంట గదా. ఆ గొట్టం మీ దగ్గర ఉండాదా?" అన్నాడు మునసబు.

"ఉంది. ఎవరికి జబ్బు?"

"జబ్బు సంగతి కాదు సామీ. ఈడు నిజం చెప్తా ఉండాడో, అబద్ధం చెప్తా ఉండాడో తేలాల."

సంగతి ఇది. కొద్దిరోజుల కిందట పంటకాలవ గట్టు తెగి ఒక రైతు పొలంలోకి నీళ్ళు మళ్ళాయి. కోసి పడేసిన పనలు మునుగుతుంటే ఆ రైతు గట్టు మీద నిలబడి కేకలు పెట్టాడు. పెంచలయ్య అక్కడికి దగ్గర్లోనే తూము దగ్గర చెత్త తీస్తున్నాడు. తిరిగి చూడలేదు. పనలన్నీ నానిపోయాయి. అడిగితే ఆ పొద్దున నిద్ర లేచేసరికి ఎడమ చెవి పోయిందని, కుడి చెవికి తూము నీళ్ళ చప్పుడు తప్ప ఏమీ వినపడలేదని అన్నాడు.

"ఒక్క రాత్రిలో చెవి పోద్దా సామీ?" అన్నాడు రమణయ్య ముందుకు వచ్చి. "ముందురోజు నాతో మాట్లాడినాడు. చెవి నొయ్యలా, చీము రాలా. ఇంట్లో అన్నానికి పిలిస్తే పలకతా ఉండాడు. ఆ రైతుకూ ఈడికీ పడదు. కావాలనే ఇననట్టు ఉండినాడు."

పెంచలయ్య కుర్చీలో కదలకుండా కూర్చున్నాడు. మునసబు అతని కుడిపక్కకు వెళ్ళి నిలబడి గట్టిగా చెప్పాడు.

"రేయ్ పెంచలా, డాక్టరయ్య ముందరే చెప్తా ఉండాను. చెవి నిజంగా పోయుంటే నీ తప్పేం లేదు, ఏదో ఒకటి సర్దుకుంటాం. నాటకమైతే మాత్రం తూము నీ చేతిలో ఉండదు. రమణయ్యకు ఇచ్చేస్తాం, మాన్యంతో సహా."

"అట్టనే కానీ" అన్నాడు పెంచలయ్య.

నాకు అతని మీద అనుమానం వచ్చింది. చెవి పోయి, పని పోబోతున్న మనిషి ఇంత నిమ్మళంగా ఎలా ఉంటాడు? తల తిప్పితే ఇల్లంతా గిర్రున తిరుగుతోందని, అందుకే మెదలకుండా కూర్చున్నాడని కాసేపటి తర్వాత గానీ తెలియలేదు. రమణయ్య మీద కూడా అనుమానం వచ్చింది, లాభం అతనిది కాబట్టి. చెవిలో దీపం వేసి చూశాను. చెవిగూబ శుభ్రంగా ఉంది. కొడితే మోగే ట్యూనింగ్ ఫోర్కు నుదుటి మీద పెట్టి ఏ చెవిలో వినపడుతోందని అడిగితే కుడివైపు చెయ్యి చూపించాడు. ఎడమది లోపలి చెవి దెబ్బతిన్నదని దానర్థం. కానీ ఆ పరీక్షలో జవాబు చెప్పేది రోగే. నాబోటివాడికి అది చాలదు.

రక్తం తీస్తానన్నాను. వాళ్ళు అడిగినందుకు కాదు. హఠాత్తుగా చెవి పోయినవాడి ఒంట్లో ఇంకేదైనా రగులుతోందేమో చూడటం డాక్టరు పని. ఇది అబద్ధాలు పట్టే పరీక్ష కాదని ముందే చెప్పాను. అందరూ తలలూపారు. ఒక్కరూ నమ్మలేదు.

తడిబట్టలు

పక్క గొట్టంలో నా రక్తం పెట్టడానికి చొక్కా చెయ్యి పైకి మడుస్తుంటే మునసబు అడ్డం వచ్చాడు.

"మీ నెత్తురెందుకు సామీ? మీరు పట్నం తిండి తిన్నోళ్ళు. మా ఊరి నీళ్ళు తాగినోడిది పక్కన పెట్టండి, అప్పుడు గదా సరిపోయేది."

నేను విన్న మంచి సలహాల్లో అదొకటి. పుస్తకంలో అంకె కంటే ఆ ఊరి మనిషి రక్తమే సరైన కొలత. రమణయ్య వెంటనే చెయ్యి చాపాడు.

"నాది తీసుకోండి. నాకేం భయం? నేనేం అబద్ధం చెప్పలా."

సూది మరగబెడుతుండగా పెంచలయ్య లేచి, గోడ పట్టుకుని పెరట్లోకి నడిచాడు. చూస్తే బావి దగ్గర చేద తోడి నెత్తిన పోసుకుంటున్నాడు. వాళ్ళ ఊళ్ళో ప్రమాణం అంటే తడిబట్టలతోనే చెయ్యాలి. నీళ్ళు కారుతున్న పంచెతో వచ్చి కూర్చుని చెయ్యి చాపాడు. మునసబు రమణయ్య వంక చూశాడు. ఇక తప్పదు గదా, రమణయ్య కూడా వెళ్ళి నాలుగు చేదలు పోసుకుని వచ్చాడు. నా గదంతా బురద అయింది.

అప్పుడు చూశాను. ఇద్దరూ అవే నీళ్ళు పోసుకున్నారు, అదే ఎండలో నిలబడ్డారు. పెంచలయ్య ఒళ్ళు రాయిలా ఉంది. రమణయ్యకు పళ్ళు కొట్టుకుంటున్నాయి. కండువా నోటికి అడ్డం పెట్టుకుని పొడిదగ్గు దగ్గాడు, మళ్ళీ దగ్గాడు. ఎముకల మీద తోలు అంటుకుపోయినట్టు ఉంది. తడిస్తే గానీ ఆ సన్నదనం కనపడలేదు.

గొట్టాలు నిలబెట్టాను. జనం చెప్పులు బయట విడిచి వచ్చి కూర్చున్నారు. ఒకతను నోట్లోని తాంబూలం ఊసి వచ్చాడు. పెంచలయ్య వైపు మనిషి ఒకడు, రమణయ్య వైపు మనిషి ఒకడు స్టాండుకు రెండు పక్కలా కాపలా కూర్చున్నారు, నేనేదో మాయ చేస్తానని. నన్ను అనుమానించినందుకు నాకు కోపం రాలేదు. వాళ్ళ స్థానంలో ఉంటే నేనూ అదే చేసేవాణ్ణి.

సగం సమయం గడవకముందే రెండో గొట్టంలో ఎర్రదనం జారిపోవడం అందరికీ కనపడింది. గంట అయ్యేసరికి పెంచలయ్య రక్తం మామూలు మనిషిది ఎంత దిగాలో అంతే దిగి ఆగింది. రమణయ్యది గొట్టం సగానికి పైగా దిగిపోయింది.

"దిగినోడిది నిజం" అన్నాడు రమణయ్య వైపు మనిషి. "ఉదయగిరిలో నా బామ్మర్దికి దిగితేనే సర్టిపికెట్టు ఇచ్చినారు."

"ఏంది నువ్వు చెప్పేది? అబద్ధం చెప్పినోడి నెత్తురే కిందికి దిగిపోద్ది. అందరికీ తెలిసిందే గదా" అన్నాడు రెండోవాడు.

కాసేపు గది గోలగోల అయింది. చివరికి మునసబు చెయ్యెత్తాడు. ఆయన విన్న ప్రచారం రెండో రకం.

"రమణయ్య నెత్తురు దిగింది. అబద్ధం చెప్పినాడు. తూము పెంచలయ్యదే. లేవండి పోదాం."

నేను ఊరుకుని ఉంటే అయిపోయేది. తూము పెంచలయ్యకే దక్కేది, నాకూ పెద్దాయనంత పేరు వచ్చేది. రమణయ్య మొహం చూశాను. నెత్తుటి చుక్క లేదు. ఇతను అబద్ధాలకోరన్న పేరుతో ఈ గది దాటితే మళ్ళీ ఏ డాక్టరు గడపా తొక్కడు. అతని రక్తం చెప్పింది అబద్ధం సంగతి కాదు, ఛాతీ సంగతి అని నాకు గట్టి అనుమానం.

"కూర్చోండి" అన్నాను. "గొట్టం ఆ మాట చెప్పలేదు. చెవి నిజమో కాదో ఇప్పుడు నేను చూపిస్తాను."

చేతులు కడిగే బ్రష్షు

మనం మాట్లాడేటప్పుడు మన గొంతు మన చెవికి వినపడుతూ ఉంటుంది, దాన్నిబట్టే గొంతు పెంచుతాం, తగ్గిస్తాం. వినపడే చెవిలో గోల పెడితే, రెండో చెవి నిజంగా పోయినవాడికి తన గొంతు తనకు వినపడదు. తెలియకుండానే అరుస్తాడు. నటించేవాడికి రెండో చెవి పనిచేస్తూనే ఉంటుంది కాబట్టి మామూలుగానే మాట్లాడతాడు. దీనికి పెద్ద సామాను అక్కర్లేదు. స్టెతస్కోపు గొట్టాల్లో ఒకటి మడిచి పట్టుకుని, రెండోది రోగి చెవిలో పెట్టి, కింద బిళ్ళ మీద చేతులు కడిగే గట్టి బ్రష్షుతో గీకితే చాలు.

పెంచలయ్యకు చదువు రాదు. "ఏదైనా ఆగకుండా చెప్పు" అంటే ఏం చెప్పాలో తోచక అతనికి వచ్చిందే మొదలుపెట్టాడు, నీళ్ళ వంతులు.

"తూము కింద మొదట పెద్దమడి. ఆపైన చాకలోళ్ళ చెక్క. ఆపైన దేవళం మాన్యం. ఆపైన ఇద్దరక్కల కయ్య..."

ముందు అతని ఎడమ చెవిలో పెట్టి గీకాను. గొంతు మారలేదు, వంతులు సాగుతూనే ఉన్నాయి. ఆపకుండానే గొట్టం కుడి చెవిలోకి మార్చి గీకాను. "రావిమాను మెరక" అన్నది కేకై వచ్చింది. ఆ తర్వాతి పొలం పేరు వీధిలోకి వినపడింది. ఆ తర్వాతి పేరుకు ఎదురింటివాళ్ళు బయటికి వచ్చారు. మెడ నరాలు ఉబ్బాయి గానీ అతని మొహంలో మార్పేమీ లేదు, మామూలుగా మాట్లాడుతున్నాననే అనుకుంటున్నాడు.

"ఎందుకురా అరస్తా ఉండావు?" అన్నాడు మునసబు. పెంచలయ్య పలకలేదు. వంతులు చెబుతూనే ఉన్నాడు.

మునసబుకూ అనుమానం తక్కువేమీ కాదు. తన చెవిలో కూడా పెట్టమన్నాడు. పెట్టాను. ఆయన గొంతు కాస్త పెరిగింది గానీ కేక కాలేదు. అప్పుడు తృప్తి పడ్డాడు. తూము పెంచలయ్యదేనని మళ్ళీ చెప్పాడు, ఈసారి సరైన కారణంతో.

పెంచలయ్య చెవికి నేను చేసింది తక్కువ. కళ్ళు తిరగడానికి మందు, కదలకుండా విశ్రాంతి, కొన్ని విటమిన్ సూదులు. తిరుగుడు తగ్గింది, చెవి రాలేదు. పెద్దాయన లెక్క ప్రకారమైతే పెంచలయ్యే దొంగ, ఎందుకంటే రక్తం దిగలేదు. ఆ చెవి లోపల ఏం జరిగిందో నాకు ఈరోజుకీ తెలియదు, అది రక్తం దాకా రాలేదు. ఇలాంటివాళ్ళలో కొందరికి రక్తంలో గుర్తు కనపడుతుంది, కొందరికి కనపడదు. కనపడితే వెనక ఏముందో వెతకండి. కనపడలేదని మనిషిని అబద్ధాలకోరును చేయకండి. ఇప్పుడు మీ దగ్గర ఎన్ని రకాల గొట్టాలున్నా నేను చెప్పేది ఇదే.

ఊళ్ళో ఆ తర్వాత పెంచలయ్యను ఎడమవైపు నుంచి పిలవాల్సి వస్తే అతని ముందు నీళ్ళలోకి ఒక మట్టిబెడ్డ విసిరేవాళ్ళట. చూసి తిరిగేవాడు. పని సాగిపోయింది.

రమణయ్య

జనం లేస్తుంటే రమణయ్యను ఆపాను. సాయంత్రాలు జ్వరం వస్తోందా, దగ్గు ఎన్నాళ్ళనుంచి అని అడిగాను.

"ఏంది సామీ? చెవి పోయింది వాడికి. జబ్బు నాకు అంటగడతా ఉండావే?" అన్నాడు. "నా నెత్తుట్లో ఏం కలిపినావు?"

చెప్పినకొద్దీ అతని కళ్ళు చిన్నవయ్యాయి. కండువా దులుపుకుని వెళ్ళిపోయాడు. నేను అనుమానించడంలో ఎంత గట్టివాణ్ణో అతను అంతకు రెండింతలు.

వానలు పడ్డాక మళ్ళీ అదే బండి వచ్చింది. ఈసారి పెంచలయ్య తోలుకొచ్చాడు. బండిలో గడ్డి మీద రమణయ్య పడుకుని ఉన్నాడు.

"నెత్తురు కక్కినాడు సామీ" అన్నాడు పెంచలయ్య. "ఆసుపత్రికి పోదాం రారా అంటే ఆ డాక్టరు నీ మనిషి అంటాడు. ఎత్తి బండిలో ఏసినాను."

దగ్గి ఊసిన గళ్ళను మైక్రోస్కోపు కింద చూస్తే క్షయ క్రిములు కనపడ్డాయి. నెల్లూరు పంపి ఎక్స్‌రే తీయిస్తే ఊపిరితిత్తి పైభాగంలో పుండు. అప్పటికి స్ట్రెప్టోమైసిన్ సూదులు మాకు దొరకడం మొదలైంది. అంతకు ముందైతే ఇలాంటివాణ్ణి చూసి, బలమైన తిండి పెట్టమని చెప్పి, చావు కోసం ఎదురుచూసేవాళ్ళం. ఆత్మకూరులో చుట్టాలింట్లో ఉండి రోజూ సూది వేయించుకోవడానికి ఒప్పుకున్నాడు. అయినా మొదటి సూదికి ముందు ఆ సీసా తిప్పి తిప్పి చూశాడు.

ఆ మందుకు ఒక చెడ్డగుణం ఉంది. కొందరికి లోపలి చెవిని దెబ్బతీస్తుంది. అదీ నేను దాచలేదు. "చెవుల్లో హోరు వస్తే ఆ రోజే చెప్పు, మందు ఆపేస్తాను" అన్నాను. సూది వేసిన ప్రతిసారీ అడిగేవాణ్ణి. "లేదు" అనేవాడు. జ్వరం పోయింది, దగ్గు పోయింది, బుగ్గలు వచ్చాయి. చివరి వారాల్లో ఒకటి గమనించాను. నేను మాట్లాడుతుంటే నా నోటి వంకే చూసేవాడు, రెప్ప వేయకుండా. ఇంకా నన్ను నమ్మలేదు, నేనెక్కడ అబద్ధం చెబుతానో కనిపెడుతున్నాడు అనుకున్నాను. సూదులు ముగించుకుని ఇంటికి వెళ్ళాడు.

కొన్ని నెలలకు ఇద్దరూ కలిసి నడిచి వచ్చారు. రమణయ్య దిట్టంగా ఉన్నాడు. నేను ఏం అడిగినా పెంచలయ్యే జవాబు చెబుతున్నాడు.

"ఈడికి రెండు చెవులూ పోయినాయి సామీ. ఊళ్ళో ఎవురూ నమ్మటంలా. అన్నను చూసి నేర్చుకున్నాడంటా ఉండారు. ముందు వాడి మీద చెప్పి, ఇప్పుడు వాడి ఏషమే ఏసినాడంటా ఉండారు. మునసబాయన మీ దగ్గర తేల్చుకు రమ్మన్నాడు."

రమణయ్యకు మేం ఏం మాట్లాడుకుంటున్నామో వినపడకపోయినా తెలిసింది. మధ్యలో పెద్దగొంతుతో అందుకున్నాడు.

"హోరు అప్పుడే వచ్చింది సామీ, సూదులు ఇంకా ఏస్తా ఉండంగానే. చెప్పలా. చెప్తే ఊళ్ళో ఏమంటారో నాకు తెలుసు. ఒక్క రాత్రిలో పోద్దా అంటారు, నాటకం అంటారు. ఆ మాటలన్నీ నేను అన్నవే గదా."

నాకు చాలా బాధ కలిగింది. అతను నా నోటి వంక చూసింది అబద్ధం కనిపెట్టడానికి కాదు, నేను అడిగేదేమిటో పోల్చుకోవడానికి. చెప్పుంటే మందు ఆపేవాణ్ణి, కొంత వినికిడి మిగిలేదేమో. మందు ఇచ్చినందుకు మాత్రం నాకు విచారం లేదు, మనిషి నా ఎదుట బతికి నిలబడి ఉన్నాడు. కానీ ఆరోజు నా గదిలో ఒకణ్ణి తడిబట్టలతో కూర్చోబెట్టి ఇంతమంది చుట్టూ కాపలా కాయడం అతను చూశాడు. రేపు తనకూ అదే జరుగుతుందని భయపడ్డాడు. అనుమానం రోగి నోరు ఎలా కట్టేస్తుందో నేను ఇతని దగ్గరే తెలుసుకున్నాను.

అంత తెలిసీ అలవాటు పోదు. మునసబు తేల్చుకు రమ్మన్నాడు గదా అనుకుంటూ స్టెతస్కోపు మెడలోంచి తీశాను. రెండు చెవులూ పోయాయనేవాడికి ఆ పరీక్ష తిరగేసి చెయ్యాలి. గోల పెట్టినా గొంతు పెరగకూడదు, పెరిగితే నటన. నా చెయ్యి సబ్బుగిన్నె పక్కనున్న బ్రష్షు మీదికి పోయింది. రమణయ్య దాన్ని చూసి తల దించుకున్నాడు.

పెంచలయ్య తన కుడి చెవి నా వైపు తిప్పుకుని, నా చెయ్యి పట్టుకున్నాడు.

"వద్దులే సామీ. అబద్ధం చెప్పేటప్పుడు ఈడి మొహం ఎట్టుంటదో నాకు తెలుసు. నా మీద చెప్పినప్పుడు ఎదురుగా కూర్చుని చూసినాను గదా. ఇది ఆ మొహం కాదు. మునసబుకు నేను చెప్తా."

నేను బ్రష్షు ఉన్నచోటే పెట్టేశాను. కుర్చీ జరుపుకుని రమణయ్య ఎదురుగా, వెలుతురు నా మొహం మీద పడేలా కూర్చున్నాను. అతనికి నా నోరు కనపడేలా నెమ్మదిగా మాట్లాడటం మొదలుపెట్టాను.